మధ్యయుగాంధ్ర సంఘమున కమ్మరి

శ్రీముఖలింగ, శ్రీకూర్మ, సింహాచల క్షేత్రములందలి శాసనములు వందలకొలదిగా ప్రకటింపబడినవి. దేవునికి అఖండదీపము పెట్టించి, దానికి వలసిన నేతికై గోవులను మాడలను ఇచ్చిన రాణులు, దండనాయకులు, వర్తకులు, దేవాలయపు సానులు ఈ శాసనములయందు వరుసగా కనబడుదురు. కమ్మరిని వెదకువానికి మాత్రము ఇందు దొరకునది అత్యల్పము. శాసనము దానమును చెప్పును. దాత సాధారణముగా కలవాడు. కమ్మరి గోవుల నిచ్చినవాడు కాడు. ఆ యక్షరములను ఱాతిపై చెక్కుటకు శిల్పి చేతిలో నున్న ఉలిని కాచి పదునుపెట్టినవాడు.

గాంగరాజుల తామ్రశాసనములు చూతము. అందు రేకుపై అక్షరములను చెక్కినవాడు అక్షశాలి యను పేర పలుతావుల పేర్కొనబడినాడు. కన్నడమున అక్కసాలె, తెలుగున అగసాలె యను పదములు దీనినుండి పుట్టినవే. అనగా స్వర్ణకారునికి రాజపత్రమున చోటు కలదు. అతని చేతిలోని సుత్తిని చేసినవానికి లేదు. ఈ మౌనమువలన మనవారిలో రెండు విరుద్ధాభిప్రాయములు వ్యాపించినవి. కొందఱు కమ్మరిని డమాస్కసు ఖడ్గములకు ఉక్కు నిచ్చిన మహాశిల్పిగా కీర్తింతురు. మఱికొందఱు అతనిని ఊరివారి కళ్లములయొద్ద గింజలకై నిలిచిన సేవకునిగా మాత్రమే చూతురు. రెండును నిజములే గాని, రెండును ఒకే మనుష్యుని గూర్చినవి కావు. కమ్మరి యను నొక్క పేరుక్రింద మధ్యయుగమున వేర్వేఱు జీవనములు గల మూడు తెగలవా రుండిరి: రాతిఖనిజమునుండి ఇనుమును దీయువారు, గ్రామమున ఆయమునకు పనిచేయువారు, దేవాలయము, రేవు, రాజాస్థానము మొదలగు పెద్దపనులకు కూడినవారు. ఈ భేదమును పాటింపనిచో అతని ఔన్నత్యమును గాని అతని పతనమును గాని మనము సరిగా గ్రహింపజాలము.

పదమును ముందుగా విచారింతము. ఋగ్వేదమున కర్మార శబ్దము కలదు. పాలిభాషలో నది కమ్మారమైనది. బుద్ధునికి కడపటి భిక్ష పెట్టిన చుందుడు కమ్మారపుత్రుడు. తెలుగు కమ్మరియు, ఓఢ్రుల కమారయు దానికి సంతానమే. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురము ప్రాంతములయందు ఈ రెండు రూపములును ఒకే సంతలో వినబడుట వింతగాదు. ఉద్దానపు తీరము రెండు భాషలకును గడప. అమరసింహుడు లోహకారుని శూద్రవర్గమున జేర్చెను. విశ్వకర్మ సంతతివారమని చెప్పుకొను పంచాణమువారు, అనగా కమ్మరి, వడ్రంగి, కంచరి, కాసె, కంసాలి అను నైదు తెగలవారు, దీని నెన్నడును అంగీకరింపలేదు. తమ పెండ్లిండ్లను తమవారే వైదికవిధిని జరిపించుకొనవచ్చునా యను వివాదము చిత్తూరు అదాలతు వఱకు పోయి 1818లో వారి పక్షమున తీర్పయినది. ఈ పట్టుదల పందొమ్మిదవ శతాబ్దిలో పుట్టినది కాదు. కొంగుదేశమున చోళయుగాంతపు శాసనములలో రాజు కమ్మాళులకు కొన్ని మర్యాదల ననుగ్రహించినట్లున్నది: శుభాశుభములకు జంటశంఖములు ఊదించుకొనవచ్చును, భేరి మ్రోగించుకొనవచ్చును, చెప్పులు తొడిగి బయలువెడలవచ్చును, ఇంటిగోడలకు సున్నము పూయవచ్చును. రాజాజ్ఞ కావలసివచ్చినదన్నచో అంతకుముందు వారికవి లేవనియే అర్థము. ఇంటికి సున్నము పూసికొనుటకు రాజముద్ర కావలసిన సంఘములో, ఆ రాజు కత్తిని చేసినవాడు బ్రదికెను.

ఇక గ్రామమునకు వత్తము. పన్నిద్దఱు ఆయగాండ్రలో కమ్మరి యొకడు. ఊరూరికి ఈ పట్టిక కొంచెము మాఱును. పురోహితుడో, తలారియో, నీరుకట్టువాడో కొన్నిట నుండరు. కమ్మరియు వడ్రంగియు లేని పట్టిక దాదాపు లేదు. 1812లో ఆంగ్ల పార్లమెంటునకు సమర్పింపబడిన ఐదవ నివేదికలోని గ్రామవర్ణనయందును వీరిరువురు ఒకే వాక్యమున సేద్యపు పనిముట్లను చేయువారుగా చెప్పబడిరి. నాగలికి కొయ్య వడ్రంగిది, కర్రు కమ్మరిది. ఒకరు లేనిది ఒకరు లేరు.

ఆయము నడచిన తీరును కొంచెము వివరింపవలసియున్నది. నేటి విద్యార్థులు దానిని కూలి యని పొరబడుచున్నారు. రైతు ఇనుమును తానే సంతలో కొని తెచ్చును. బొగ్గును పలుతావుల తానే యిచ్చును. కమ్మరి యిచ్చునది పని. కర్రు అరిగినపుడు కాచి సాగగొట్టుట, కొడవలికి కక్కులు పెట్టుట, గొడ్డలి వాదరకు ఉక్కు నతికి పదునుపెట్టుట, పాఱ, పలుగు, బొఱిగె బాగుచేయుట ఏడాది పొడుగున సాగును. ఏ పనికి ఆ పనికి వెల యడుగరాదు. పంట నూర్చిన పిమ్మట కళ్లములో, రాజభాగము రైతుభాగము పంచుకొనకమునుపే, నాగళ్ల లెక్కను అతని మేర కొలువబడును. కొన్నియూళ్లలో దీనికి తోడుగా మాన్యమును కలదు. ఈ మేర వంశపరంపరగా వచ్చు హక్కు, అన్నదమ్ములు పంచుకొనవచ్చును. ఊరివా రతనిని త్రోసి మఱియొక కమ్మరిని తెచ్చుకొనజాలరు. అతడును ఏరువాక సమయమున కొలిమి నార్పి పొరుగూరికి పోజాలడు.

ఈ కట్టడియందు రెండు ఫలములు దాగియున్నవి. మొదటిది: కమ్మరి భాగ్యము ఇనుపవెలతో ముడిపడక పంటతో ముడిపడినది. వాన లేనియేడు రైతుతో పాటు పస్తుండును. ఇనుము చౌకయైనను ప్రియమైనను అతని గింజలు తగ్గవు. రెండవది: అతనికి నాణెముతో ప్రసక్తి తక్కువ, కావుననే దానశాసనములలో కనబడడు. ధనమున్నచో గాని దీపము నిలుపలేడు. గింజలు తినుటకు సరిపోవును.

ఉద్దానము విషయమున నొక విశేషము గమనింపదగినది. ఉద్యానమను శబ్దమే ఈ నేలకు పేరైనది. కొబ్బరి, పనస మొదలగు తోటలు నిండిన యిసుకనేలలో నాగళ్ల లెక్క పొలములో వలె సాగదు. తోటవానికి కావలసినది కర్రు కాదు. కాయ గోయు కత్తి, డొక్క యొలుచు గునపము, పాదు త్రవ్వు పాఱ. కావున వరిపొలము గల ఊరి కమ్మరికిని, తోట లెక్కువగానున్న ఊరి కమ్మరికిని ఆయపు బలము ఒకటిగా నుండెనని తలపరాదు. నాగలి తక్కువైనచోట అతడు పనికి వెల పుచ్చుకొనవలసిన వాడగును. వెల పుచ్చుకొనువాడు సంతకు బద్ధుడగును. ఇది నా యూహయే గాని, ఆయమునకు నాగలి కొలతయైన యెడల దీనిని తప్పించుకొన వీలులేదు.

తీరమున నింకొక వింత. ఈ తీరపు కెరటముల నెదుర్చు పడవకు ఇనుపమేకులు లేవు. పలకలకు రంధ్రములు పొడిచి కొబ్బరినారతో కుట్టుదురు. మేకులు దిగగొట్టిన బిఱుసు పడవ ఇసుకమీద పడినచో పలకలు విచ్చును. కుట్టినది వంగి నిలుచును. తెప్పయైనచో దుంగలను త్రాళ్లతో కట్టినదే. బారువ, కళింగపట్టణము వంటి రేవులయందు ఓడకును ఒడ్డునకును నడుమ సరకును చేర్చినది ఈ కుట్టుపడవయే. ఇనుము లేనిదే నాగరికత లేదని పాఠశాలలో బోధించు మనము, కమ్మరి చేయి సోకని యీ పడవను గూర్చి బాలురకు చెప్పుట మఱచుచున్నాము. నడిసముద్రపు ఓడలకైనచో సంగతి వేఱు. గోదావరీముఖమున నరసాపురము, మాధవాయపాలెములయందు పదియేడవ శతాబ్దిలో ఆంగ్లేయులును ఇతరులును ఓడలను కట్టించుకొనుచుండిరి. 1670 ప్రాంతముల నీ తీరమున దిరిగిన థామస్ బౌరీ యను నావికుడు, ఆ తావున మంచి కలపయు, తీరమంతటిలో మేలైన యినుమును దొరకుననియు, మేకులు, బోల్టులు, లంగరులు మొదలగు నెట్టి యినుపపనినైనను దేశస్థులు నేర్పుతో చేయుదురనియు వ్రాసినాడు. లంగరును చేయుట ఒక యింటి కొలిమిలో తండ్రికొడుకుల వలన నగు పని కాదు. ఇక్కడ మనకు కనబడువాడు ఆయగాడు కాడు. వర్తకుని రొక్కమునకు పనిచేసిన కర్మశాల కమ్మరి.

ఈ కర్మశాల కమ్మరికి మధ్యయుగమున పరమావధి దేవాలయము. కళింగనగరము ముఖలింగమే యని నిరూపించిన కీర్తి గిడుగు రామమూర్తి పంతులుగారిది. ఆ నగరమునుండి ఏలిన గాంగులు అనంతవర్మ చోడగంగుని కాలమున, పండ్రెండవ శతాబ్దిలో, రాజధానిని ఉత్తరమునకు కటకమునకు మార్చిరి. ఆ వంశమువాడే యైన మొదటి నరసింహదేవుడు (1238–1264) కోణార్క సూర్యదేవాలయమును కట్టించెను. ఆ యాలయమున పైకప్పు ఱాళ్లను మోయుటకు ఇనుపదూలములు వాడబడినవి; శిథిలములనుండి వెలికివచ్చిన వానిలో మిక్కిలి పొడవైనది సుమారు 35 అడుగులు. పూరీలోని గుండిచా మందిరమున 239 ఇనుపదూలములు, 17 అడుగుల పొడవు వఱకు గలవి, ఉన్నట్లు గ్రేవ్సు అను లోహశాస్త్రజ్ఞుడు 1912లో లెక్కించి ప్రకటించెను.

ఈ దూలములు పోతపోసినవి కావు. ఆనాటి మన కొలుములలో ఇనుము నీరుగా కరగదు. ఖనిజమును బొగ్గుతో కాల్చినపుడు చిట్టెము కరగి జాఱిపోగా, అడుగున స్పంజువంటి ఇనుపముద్ద మిగులును. దానిని సమ్మెటలతో మోది చిట్టెమును పిండవలెను. ఒక కొలిమిలో ఒక కాపునకు దిగునది చిన్నముద్ద. అట్టివాటిని అసంఖ్యాకముగా సమకూర్చి, కాచి, ఒకదాని కొకటి యతికి, మరల కాచి, 35 అడుగుల దూలముగా సాగదీసిరి. అతుకు కుదురుటకు రెండు మొనలును ఒకే వేడిలో నుండవలెను. దూలము పెరిగినకొలది దాని బరువు పెరుగును. దానిని త్రిప్పుటకు మనుష్యులు, మోకులు, మోతకొయ్యలు కావలెను. తిత్తులు పెక్కు ఒక్క ఊపున ఊదవలెను. విరిగిన యినుమును కమ్మరి రెండుమార్లు మూడుమార్లయినను కాచి యతుకగలడని వేమన యొక పద్యమున ఉపమానముగా వాడికొనెను. మనస్సు విరిగినచో నతుకలేమని చెప్పుట ఆయన యుద్దేశము. మన ప్రయోజనమునకు ఆ యుపమానమే ముఖ్యము. అతుకుట కమ్మరికి నిత్యకృత్యమని వినువా రందఱు నెఱుగనిదే ఆ యుపమానము నిలువదు. కోణార్క దూలము ఆ నిత్యకృత్యమునకే బృహద్రూపము. గ్రామమున కర్రునకు చేసినదానినే అక్కడ వేయిమార్లు చేసిరి.

కోణార్క నిర్మాణపు లెక్కలను తెలుపునని చెప్పబడు బయాచకడా యను తాళపత్రగ్రంథ మొకటి 1972లో ప్రకటింపబడినది. పనివారి పేరులు, వేతనములు అందున్నవి. దాని ప్రామాణికతను పండితులు శంకించుచున్నారు గనుక దానిపై నే నాధారపడను. దూలములే చాలిన సాక్ష్యము. వీనిని ఏ యొక్క ఊరి ఆయగాడును చేయజాలడు. రాజు పెక్కుకొలుముల వారిని ఒకచోట చేర్చి, ఇనుపముద్దలను కొండప్రాంతములనుండి తెప్పించి, ఏండ్లతరబడి పోషించియుండవలెను. గోపురము లెత్తించిన రాజు పేరు మనము బాలురచే వల్లెవేయించుచున్నాము. ఆ గోపురము మోసిన దూలము నతికిన మేస్త్రీకి పేరు లేదు.

మూడవ తెగవాడు ఇనుము దీయువాడు. కొలిమి యను మాట అతని బట్టీకిని, గ్రామకమ్మరి కుంపటికిని సమానముగా వాడబడుట గందరగోళమునకు కొంత కారణము. కాని ప్రజలు ఈ భేదమును మఱవలేదు. ఉత్తరతెలంగాణమున ఇనుపముద్దలు దీయువారిని ముద్దకమ్మరులని వేఱుగా పిలిచిరి. నిజామాబాదు, నిర్మలు ప్రాంతములు ఈ విద్యకు పుట్టినిండ్లు. పదియేడవ శతాబ్దిలో టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు, తరంగములవంటి జాలు గల కత్తులకు తగిన ఉక్కు గోలకొండ రాజ్యమునుండియే వచ్చునని వ్రాసెను. అది చిన్నరొట్టెలంత ముద్దలుగా నమ్మబడునట. నడిమికి కోసి మంచిదో కాదో చూచెదరట. 1667లో నా దారిని పోయిన థెవెనో ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లెములు చేయబడి దేశమంతట నమ్ముడుపోవుచున్నవని చెప్పినాడు. డచ్చివారు గోదావరీతీరపు రేవులనుండి ఇనుమును ఉక్కును బతావియాకు తరలించుచుండిరి.

కోనసముద్రమున ఉక్కు చేయు తీరును 1820 ప్రాంతమున వాయిసీ యను భూగర్భశాస్త్రజ్ఞుడు కన్నులార చూచి వ్రాసెను. అది యాతని మరణానంతరము 1832లో ప్రకటితమైనది. రెండుచోట్లనుండి తెచ్చిన రెండురకముల యినుమును మూడింటికి రెండు పాళ్లుగా మూసలోపెట్టి, మూసను మూసి, ఒక పగలు ఒక రాత్రి కాల్చుదురు. ఇస్ఫహానునుండి వచ్చిన పారసీక వర్తకుడు అక్కడ కూర్చుండి తూకమును పరీక్షను స్వయముగా చూచుకొనుచుండెను. ఇందు గమనింపవలసిన సంగతి యిది. ఉక్కు చేయువాడు ఇనుమును తాను దీయడు, కొనును. ఖనిజమునుండి ముద్ద దీయువాడొకడు, ఉక్కు చేయువాడొకడు, కత్తి చేయువాడు వేఱొక యూరివాడు, అమ్ముకొనువాడు పరదేశి. ఇంత పొడవైన సరము ఆయపు గ్రామమున లేదు. ఇక్కడ ప్రతి ముడియును రొక్కముతో బిగింపబడినది.

ఉక్కు అను మన మాటయే తప్పు వ్రాతవలననో తప్పు వినికిడివలననో వూట్జ్ అయి 1795లో లండను రాజశాస్త్రసభ యెదుట పియర్సన్ చదివిన పత్రమున కెక్కెను. 1819 మొదలు 1822 వఱకు ఫారడే దాని రహస్యమును ఛేదింప యత్నించెను. ఫారడే తండ్రియు కమ్మరియే. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో చేర్చదగినది. 2010లో బెంగుళూరు, ఎక్సెటరు విద్వాంసులు కలసి ఉత్తరతెలంగాణమున ఊరూర తిరిగి చిట్టెపుదిబ్బలను, మూసపెంకులను నమోదు చేసిరి. పేరులు చెప్పని శాసనములకంటె ఈ చిట్టెపుదిబ్బలు మనకు విశ్వాసపాత్రములైన సాక్షులు; ఇనుము దీసినచోటు నవి దాచలేవు.

ఇక పతనము. ఆంగ్లేయుల యినుము వచ్చి కమ్మరిని చంపినదని సామాన్యముగా వ్రాయుదురు. ఏ కమ్మరిని? 1814లో ప్రకటింపబడిన తన గ్రంథమున బెంజమిన్ హైన్, నూజివీటికి చేరువనున్న రమణక్కపేటను గూర్చి వ్రాయుచు, క్షామమునకు మునుపు అక్కడ నలువది కొలుములు మండుచుండెడివనియు, ఆ పిమ్మట కొద్దియే మిగిలినవనియు వినినట్లు చెప్పినాడు. సీమ యినుము మన సంతల కింకను ఎక్కువగా రాని కాలమది. అనగా ఇనుము దీయువానిని మొదట విఱిచినది క్షామము. ఆయము లేనివానికి కఱవులో ఊరిపై హక్కు లేదు. తరువాత సీమనుండి చౌక కడ్డీలు వచ్చినవి. 1882 నాటి మదరాసు అటవీశాసనముతో బొగ్గు కాల్చుకొను అడవి చేజాఱినది. ఒక ముద్ద యినుమునకు దానికి పలురెట్లు బొగ్గు కావలెను. కట్టెకు కట్టడి వచ్చినపుడు బట్టీ యెట్లు నిలుచును? 1890 దశాబ్దిలో పలాస మీదుగా ఇనుపదారి పడినది.

గ్రామకమ్మరి ఈ దెబ్బలకు పడలేదు. ఇనుము రైతు తెచ్చునది గాన అది కొండముద్దయైనను సీమకడ్డీయైనను అతనికి భేదము లేదు. సీమకడ్డీ మెత్తగా నొకేతీరున నుండుటచే పని తేలికయయ్యెను. బండిచక్రమునకు ఇనుపపట్టీ తొడుగు పని పెరిగెను. కమ్మరివీధిలో సూదు లమ్మినట్లను సామెతను తలపుడు. సూదిని సయితము చేసిన వీధి యది. సీమసూది రాగా ఆ పని పోయినది, వీధి పోలేదు.

అతనిని కదల్చినది మఱొకటి: గింజల మేర. గ్రామసేవలకు జీతములు రొక్కముగా మాఱుట, 1948 నాటి శాసనముతో మందస, టెక్కలి మొదలగు జమీందారీలు రద్దగుట, కళ్లములో ఉమ్మడి పంపకము లేకపోవుట, కడపట నాగలికి మాఱుగా యంత్రము వచ్చుటయు దాని కర్రు కర్మాగారమునుండి మరలతో బిగించునట్లు వచ్చుటయు. నాగళ్ల లెక్క పోగా ఆయపు లెక్కయు పోయెను.

ఈ చరిత్రను కవిటి ప్రాంతమునకై వెదకువారు దస్తరముల విషయమున నొక మెలకువ వహింపవలెను. 1936 వఱకు ఈ నేల గంజాము జిల్లాలోనిది. ఓఢ్రరాష్ట్ర మేర్పడగా విశాఖపట్టణపు జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము జిల్లా యైనది. మాల్ట్‌బీ రచించిన గంజాము మాన్యువలు (1882) మొదలుకొని, పాత కాగితములు బరంపురము పేరను, నడిమివి విశాఖ పేరను వెదకవలసియుండును. జమీందారీ దస్తరములలో కళ్లపుమేర ఖాతాలు చూచునపుడు కమ్మరి పద్దునకు ప్రక్కన నాగళ్ల సంఖ్యయున్నదో, తోటల విస్తీర్ణమున్నదో గుర్తింపవలెను. ఉద్దానపు కమ్మరి ఆయగాడో, వెలకు పనిచేసినవాడో ఆ యొక్క గడియే చెప్పగలదు.